మైక్రోకంట్రోలరు - కాలనియమం

పనిని చేయడం ఒక ఎత్తు. ఆ పనిని తగిన క్షణాన చేయడం మరొక ఎత్తు. నేడు మన ఇండ్లలోని వాషింగ్ మెషీను, ఇన్వర్టరు, టీవీ రిమోటు మొదలుకొని మోటారు వాహనాల ఇంజిను వరకు అనేక యంత్రాలను నడిపిస్తున్న చిన్న సాధనం మైక్రోకంట్రోలరు. గణించే భాగం, జ్ఞాపకభాగం, బయటి ప్రపంచంతో సంబంధం నెరపే పిన్నులు ఒకే చిప్పులో ఇమిడి ఉండడం దీని విశేషం. ఇది పంపే డిజిటల్ సంకేతానికి రెండే స్థితులు: వోల్టేజి ఉండడం, లేకపోవడం. అయితే ఏ స్థితి ఎంతసేపు నిలిచిందన్నదే చాలా సందర్భాలలో ఆ సంకేతానికి అర్థం. వ్యవధి తప్పితే అర్థమూ తప్పుతుంది. ఈ కాలనియమం ఎట్లు సాధ్యమవుతున్నదో, అందులో విద్యార్థులు ఎక్కడ పొరపడే అవకాశమున్నదో తెలుపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఛందస్సు చదివిన విద్యార్థికి ఈ సంగతి బొత్తిగా కొత్తది కాదు. ఒక మాత్రా కాలంలో పలికేది లఘువు, రెండు మాత్రల కాలంలో పలికేది గురువు. ఉర్దూ అరూజ్‌లోనూ హ్రస్వ దీర్ఘాల కూర్పే బహర్‌కు ఆధారం. ఇప్పుడు అలంకరణకు వాడే డబ్ల్యూఎస్2812బి అనే రంగుల ఎల్.ఇ.డి. దీపాలను చూడండి. ఒక్కొక్క దీపానికి 24 బిట్ల సమాచారం ఒకే తీగ మీద చేరాలి. ఒక్కొక్క బిట్టుకు కేటాయించిన కాలం 1.25 మైక్రోసెకండ్లు. మైక్రోసెకండు అనగా సెకండులో పదిలక్షవ వంతు. అందులో వోల్టేజి 0.4 మైక్రోసెకండు నిలిస్తే సున్న, 0.8 మైక్రోసెకండు నిలిస్తే ఒకటి. అచ్చంగా లఘుగురువుల లెక్కే. దీనికి అనుమతించిన తేడా అటూ ఇటూ 0.15 మైక్రోసెకండు మాత్రమే. లఘువు అంతకు మించి సాగితే గురువుగా చెల్లి, ఒక రంగు వెలగవలసిన చోట వేరొకటి వెలుగుతుంది.

దీపం రంగు మారితే కలిగే నష్టం స్వల్పం. ఇన్వర్టరులో అట్లు కాదు. బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చడానికి అందులో జతలుగా అమర్చిన ట్రాన్సిస్టర్లు వంతులవారీగా పనిచేస్తాయి. ఒకటి పూర్తిగా ఆగిన పిదపనే దాని జంట మొదలు కావాలి. రెండూ ఒకే క్షణాన విద్యుత్తును ప్రసరింపజేస్తే బ్యాటరీ రెండు కొనలూ నేరుగా కలిసి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. కావున రెంటి నడుమ కొద్దిపాటి విరామాన్ని ప్రతిసారీ తప్పక పాటించాలి. వెయ్యిసార్లు సరిగా పాటించి ఒక్కసారి తప్పినా చాలు, యంత్రం చెడుతుంది.

మైక్రోకంట్రోలరుకు కాలం తెలిసేది క్వార్ట్జ్ స్ఫటికం వలన. విద్యుత్తు తగిలినపుడు ఈ స్ఫటికం నియతంగా కంపిస్తుంది. పదిలక్షలకు 20 వంతుల దోషం గల స్ఫటికం రోజుకు ఎక్కువలో ఎక్కువ 1.7 సెకండ్లు తప్పుతుంది. ఇంటెల్ సంస్థ 1980లో ప్రవేశపెట్టిన 8051 మన ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు చిరపరిచితమే. దీని మూలరూపంలో 12 కంపనాలకు ఒక యంత్రచక్రం పూర్తవుతుంది. 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని అమరిస్తే ఒక చక్రానికి సరిగ్గా ఒక మైక్రోసెకండు పడుతుంది. కొలబద్ద ఇట్లు మన చేతికి వచ్చింది. దానిని వాడుకొనే తీరులోనే తేడా అంతా ఉన్నది.

సెకండుకు వెయ్యి ఆవర్తనాలు గల చతురస్ర తరంగం కావాలనుకొందాం. ప్రతి 500 మైక్రోసెకండ్లకు ఒకసారి పిన్ను స్థితిని మార్చాలి. విద్యార్థికి మొదట తోచే ఉపాయం చిప్పు చేత ఊరక అంకెలు లెక్కబెట్టించడం. డీజేఎన్‌జెడ్ అనే ఆదేశానికి రెండు చక్రాలు పడుతాయి. దానిని 250 సార్లు తిప్పితే 500 మైక్రోసెకండ్లు. కాని లెక్కను మొదలుపెట్టడానికి ఒక చక్రం, పిన్నును మార్చడానికి ఒకటి, తిరిగి మొదటికి రావడానికి రెండు అదనంగా ఖర్చవుతాయి. 500 కాస్తా 504 అయి, వెయ్యికి బదులు 992 ఆవర్తనాలే వస్తాయి. అంతేగాక, లెక్కబెట్టుచున్నంతసేపు చిప్పు మరే పనీ చేయలేదు. నడుమ మరొక ఆదేశాన్ని చేర్చితే కాలం మళ్ళీ మారుతుంది.

ఈ ఇబ్బందిని తొలగించేది టైమరు. 8051లో 16 బిట్ల టైమర్లు రెండున్నవి. ప్రధాన గణనభాగంతో నిమిత్తం లేకుండ ఇవి తమంతట తాము లెక్కబెట్టుకొంటాయి. 65,036 అనే సంఖ్యను టైమరులో ఉంచితే అది సరిగ్గా 500 చక్రాల తరువాత 65,536కు చేరి, నిండి, ఇంటరప్ట్ అనే పిలుపును పంపుతుంది. ప్రధాన భాగం తన పనిని కొంత ఆపి ఆ పిలుపును అందుకొంటుంది. అయితే చేతిలోని ఆదేశం ముగియకుండ అది పిలుపును అందుకోలేదు గనుక కొన్ని చక్రాల ఆలస్యం తప్పదు. ఆ తరువాతనే టైమరులో మళ్ళీ సంఖ్యను ఉంచితే ఆలస్యం ప్రతిసారీ పేరుకొంటుంది. సగటున 10 చక్రాలు పోతున్నవనుకొంటే, ఈ పిలుపుల మీద ఆధారపడిన గడియారం గంటకు దాదాపు 70 సెకండ్లు వెనుకబడుతుంది.

ఇందుకు విరుగుడు కూడ ఆ చిప్పులోనే ఉన్నది. టైమరును రెండవ పద్ధతిలో నడిపితే, నిండిన వెంటనే అది తన ప్రారంభ సంఖ్యను తానే తిరిగి నింపుకొంటుంది. ఈ పద్ధతిలో 256 వరకే లెక్క సాగుతుంది గనుక 250 లెక్కలను రెండుసార్లు జరిపి 500 సాధించవచ్చు. ఇప్పుడు పిలుపును అందుకోవడంలో ఒకటి రెండు చక్రాల తడబాటు ఉండవచ్చు గాని, ఆ తడబాటు పోగుపడదు. విద్యార్థులు ఈ రెండు దోషాలను వేరుపరచి చూడాలి. క్షణికమైన తడబాటు ఒకటి, పేరుకొనే దోషం మరొకటి. గడియారానికి రెండవది ప్రమాదకరం. పైన చెప్పిన దీపాలకు మొదటిదే ప్రమాదకరం.

ఇక్కడొక సందేహం రావచ్చు: ఇంకా వేగం గల చిప్పును కొంటే ఈ చిక్కులన్నీ తీరవా? ఆర్డుయినో ఊనోలోని చిప్పు వేగం 16 మెగాహెర్ట్జ్. అనగా దీపపు బిట్టు ఒకదానికి 20 కంపనాల కాలం దొరుకుతుంది. జాగ్రత్తగా వ్రాస్తే అది చాలును. కాని నడుమ ఏ పిలుపు వచ్చినా బిట్టు చెడుతుంది గనుక, దీపాలకు సమాచారం పంపుచున్నంతసేపు పిలుపులన్నిటినీ నిలిపివేస్తారు. 100 దీపాలకు 2,400 బిట్లు, అనగా 3 మిల్లీసెకండ్లు. ఊనో తన కాలగణనను దాదాపు మిల్లీసెకండుకొక పిలుపు చొప్పున సాగిస్తుంది. నిలిపివేసిన వేళ వచ్చిన పిలుపులలో ఒక్కటి మాత్రమే గుర్తుంటుంది, తక్కినవి పోతాయి. సెకండుకు 25 సార్లు దీపాలను మార్చితే, సవరణ చేయనిచో, నిమిషానికి దాదాపు 3 సెకండ్లు మాయమవుతాయి. దీపాలు చక్కగా వెలుగుతాయి, గడియారం మాత్రం వెనుకబడుతుంది. వేగం వేరు, వేళ తప్పకపోవడం వేరు.

అసలు సూత్రం శ్రమవిభజన. కాలాన్ని కనిపెట్టే బాధ్యతను ఇతర బాధ్యతల నుండి వేరుచేసి, దానికే అంకితమైనవారికి అప్పగించాలి. ఇది ప్రాచీనమైన వివేకమే. మధ్యయుగాలలో కొన్ని పెద్ద మసీదులలో అజాన్ పలికే ముఅజ్జిన్‌కు తోడు, నమాజు వేళలను గణించడానికే మువక్కిత్ అనే ఖగోళజ్ఞుడు ఉండేవాడు. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఆ పదవిని నిర్వహించిన ఇబ్న్ అల్-షాతిర్ 1371లో అచటి మీనారుకు నీడగడియారాన్ని నిర్మించాడు. పిలిచేవాడు ఒకడు, వేళను నిర్ణయించేవాడు మరొకడు.

ఈ సూత్రాన్నే చిప్పులో మరింత ముందుకు తీసుకొనిపోయిన ఉదాహరణ 2021 జనవరిలో విడుదలైన రాస్ప్‌బెరీ పై పికో. ఇందులోని ఆర్పీ2040 చిప్పులో రెండు ప్రధాన గణనభాగాలు గాక, పిన్నులను కాలానుసారంగా నడపడానికే ఎనిమిది చిన్న యంత్రాలున్నవి. వీటిలో ఒకదానికి నాలుగే ఆదేశాలతో దీపాల లఘుగురువుల లెక్కను నేర్పవచ్చు. ప్రధాన భాగం రంగుల వివరాలను అందిస్తూ పోతే చాలు. వేళ సంగతి ఆ చిన్న యంత్రమే చూసుకొంటుంది. పిలుపులను ఆపనవసరం లేదు, గడియారమూ తప్పదు.

కనుక విద్యార్థి మిత్రులు ప్రాజెక్టు ఫలించనపుడు వెంటనే ఖరీదైన చిప్పుకై తల్లిదండ్రులను డబ్బు అడుగక, తమ వద్దనున్న చిప్పులో టైమరు ఏ పని చేయగలదో తయారీదారు ప్రచురించిన వివరపత్రంలో ముందు చదువవలెను. పంపిన సంకేతాన్ని కొలిచి చూడవలెను. మైక్రోసెకండు కంటికి కనబడదు, చెవికి వినబడదు. ఊహించి దిద్దబోతే నెలలు గడుస్తాయి. సెకండుకు 2 కోట్ల 40 లక్షల నమూనాలు తీసే చవక రకపు లాజిక్ ఎనలైజరు ఉన్నా ఒక్కొక్క వ్యవధిని 0.04 మైక్రోసెకండు మేరకు చూడవచ్చు. కళాశాల కమిటీ పెద్దలు ప్రయోగశాలకు కొత్త చిప్పుల పెట్టెలు కొనేముందు ఇట్టి కొలిచే సాధనాలను రెండు మూడు సమకూర్చగలిగితే, విద్యార్థుల శ్రమా, వారి ఇండ్లవారి ధనమూ ఎంతో ఆదా కాగలవు.