వీసా కిటికీ వెనుక ఉద్యోగం: అమెరికా దౌత్య సర్వీసు కథ, మనకొక పాఠం



రెండేళ్ల క్రితం పై చదువుకు బయలుదేరిన మా మనుమరాలిని వీసా ఇంటర్వ్యూ కోసం బళ్ళారి నుంచి హైదరాబాదు తీసుకెళ్లాను. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేటులోకి తోడు వచ్చినవారిని రానివ్వరు కనుక నేను బయటే నిలబడ్డాను. అమ్మాయి బయటికి రాగానే మొదట చెప్పింది వీసా సంగతి కాదు. "తాతా, కిటికీ అవతల ఉన్నావిడ నాకంటే ఐదారేళ్లు పెద్దదేమో, అంతే. తెలుగులోనే నమస్కారం అంది. ఆవిడ గుమస్తానా, అధికారా?" అని అడిగింది.

ఆ రోజు నాకు జవాబు తెలియలేదు. తరువాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో చివర చెబుతాను.

ఆ ఉద్యోగం ఎలా వస్తుంది?

ఆవిడ అధికారే, దౌత్యవేత్తే. అమెరికా ఫారిన్ సర్వీసులో కొత్తగా చేరినవారిలో చాలామంది మొదటి ఒకటి రెండు పోస్టింగులలో వీసా కిటికీ దగ్గరే పని నేర్చుకుంటారు. ఈ సర్వీసులో కాన్సులర్, ఆర్థిక, పరిపాలన, రాజకీయ, ప్రజా సంబంధాలు అని ఐదు విభాగాలున్నాయి.

దరఖాస్తు చేయడానికి 20 ఏళ్లు, చేరడానికి 21 ఏళ్లు నిండాలి. 60 దాటకముందే చేరాలి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి. అయితే ఫలానా డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు. రాత పరీక్ష, మౌఖిక పరీక్ష, వైద్య పరీక్ష, నేపథ్య విచారణ అన్నీ దాటాలి. ప్రపంచంలో ఎక్కడికి పంపినా వెళ్తానని ఒప్పుకోవాలి.

చేరిన తరువాత కూడా నిశ్చింత లేదు. మొదటి ఐదేళ్లలో ఉద్యోగం ఖాయం కావాలి. ఆ పైన ఏటా బోర్డులు కూర్చుని ఒకరితో ఒకరిని పోల్చి ప్రమోషన్లు ఇస్తాయి. నిర్ణీత కాలంలో ప్రమోషన్ రాకపోతే సర్వీసు వదలాలి. నౌకాదళంలో ఉన్న ఈ పద్ధతిని 1946 చట్టం దౌత్య సర్వీసుకు తెచ్చింది. 1980 చట్టం దాన్ని కొనసాగించి, పదవీ విరమణ వయసును 65 చేసింది.

ఇంత కష్టపడినా అందరూ రాయబారులు కారు. రాయబారిని అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. చాలా దశాబ్దాలుగా సుమారు పదింటిలో మూడు రాయబారి పదవులు సర్వీసు బయటివారికే వెళ్లాయి. మన దేశానికి 1961లో వచ్చిన గాల్‌బ్రెయిత్ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. 1992లో వచ్చిన థామస్ పికరింగ్ సర్వీసులో మెట్టు మెట్టుగా ఎదిగిన మనిషి.

డబ్బున్నవారి ఉద్యోగం

వందేళ్ల క్రితం ఈ సర్వీసు ఇలా లేదు. అప్పట్లో రాజధానులలో రాజకీయ వ్యవహారాలు చూసే దౌత్య శాఖ వేరు, రేవు పట్టణాలలో వర్తకం, నావికుల బాగోగులు చూసే కాన్సులర్ శాఖ వేరు. దౌత్య శాఖలో జీతం చాలదు. విందులకు, ఇంటి అద్దెకు సొంత డబ్బు పెట్టుకోవాలి. అంటే తండ్రికి ఆస్తి ఉన్న కుర్రవాడే అందులో నిలబడగలడు. తెలివి ఉండి డబ్బు లేనివాడు పరీక్షదాకా కూడా వచ్చేవాడు కాదు.

1924లో మసాచుసెట్స్ ప్రతినిధి జాన్ జాకబ్ రోజర్స్ తెచ్చిన చట్టం రెండు శాఖలను కలిపింది. ప్రతిభను బట్టి ప్రవేశం, 9,000 డాలర్ల దాకా జీతం, పెన్షన్ ఏర్పాటు చేసింది. ఇప్పటి ఫారిన్ సర్వీసు పుట్టింది అప్పుడే.

చట్టం వచ్చినంత మాత్రాన మనసులు మారలేదు. ప్రమోషన్లలో పాత దౌత్య శాఖవారికే పెద్దపీట వేస్తున్నారని కాన్సులర్ శాఖవారు గోల పెట్టారు. సెనేట్ విచారించింది. 1931లో మరో చట్టం చేయవలసి వచ్చింది. ఇంకొక సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నల్లజాతివారు, స్త్రీలు రాత పరీక్షలో నెగ్గుతారేమో, అలా నెగ్గినవారిని మౌఖిక పరీక్షలో మార్కులు తగ్గించి ఆపవచ్చా అని అప్పటి అధికారులే చర్చించుకున్నారని చరిత్రకారులు రాశారు. రాత పరీక్ష తలుపు తీస్తే, ఇంటర్వ్యూ గడియ పెట్టగలదన్నమాట.

అయినా దాటి వచ్చినవారున్నారు. క్లిఫ్టన్ వార్టన్ 1925లో చేరిన మొదటి నల్లజాతి అధికారి. ఆయనను మొదట లైబీరియాకు పంపారు. రుమేనియాలో అమెరికా ప్రతినిధి స్థానానికి రావడానికి 1958 దాకా, అంటే 33 ఏళ్లు పట్టింది. దౌత్య శాఖ పరీక్షలో నెగ్గి 1922లో నియామకం పొందిన మొదటి మహిళ లూసిల్ ఆచెర్సన్ 1927లో పెళ్లి కోసం రాజీనామా చేసింది. 1976లో అలిసన్ పామర్ అనే అధికారిణి తోటి మహిళల తరఫున కోర్టుకెక్కింది. 1987లో అప్పీళ్ల కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది.

ఇటువంటి కథ మన దగ్గరా ఉంది. కొడగుకు చెందిన సి.బి. ముత్తమ్మ మన విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి అడగాలన్న నిబంధన అప్పుడుండేది. 1979లో ఆమె కేసులో సుప్రీంకోర్టు అటువంటి నిబంధనలను గట్టిగా తప్పుపట్టింది.

స్కాలర్‌షిప్ చేసిన పని

పరీక్ష అందరిదీ అయినా పరీక్షదాకా నడిపించే చదువు అందరికీ అందదు. దీన్ని గుర్తించి 1992లో పికరింగ్ పేరిట, 2002లో న్యూయార్కు ప్రతినిధి చార్లెస్ రాంగెల్ పేరిట ఫెలోషిప్పులు మొదలుపెట్టారు. ఆర్థిక అవసరాన్ని కూడా చూసి ఎంపిక చేశారు. పై చదువు ఖర్చు భరించి, బదులుగా ఐదేళ్లు సర్వీసు చేయమన్నారు. చట్టం చేయలేని పని ఫీజు కట్టడం చేసింది.

సంస్కరణ అన్నిసార్లూ తలుపు తెరిచేదే కాదు. 2025 జులై 1న విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పనులను విదేశాంగ శాఖలో కలిపారు. జులై 11న ఆ శాఖలో 1,300 మందికి పైగా ఉద్యోగులకు తొలగింపు ఉత్తర్వులు అందాయి. వారిలో 240 మందికి పైగా ఫారిన్ సర్వీసువారు. శాఖ పెరిగిపోయి పని నెమ్మదించిందని ప్రభుత్వం అన్నది. ఏళ్ల అనుభవం పోతుందని వ్యతిరేకించినవారు అన్నారు. ఏ దేశపు సర్వీసయినా ఒకసారి బాగుచేసి వదిలేసేది కాదని నాకు అర్థమైంది.

మనకేమిటి?

ఆ సర్వీసు మన పౌరులది కాదు. మన సర్వీసుకు దారి యూపీఎస్‌సీ పరీక్ష. 1979 నుంచి దాన్ని రాజ్యాంగం గుర్తించిన మన భాషల్లో కూడా రాయవచ్చు. భాష విషయంలో మీరు తక్కువవారు కారు. అమెరికన్ దౌత్యవేత్తకు తెలుగు బాగా రావాలంటే 44 వారాల శిక్షణ కావాలని అక్కడి శిక్షణ సంస్థ లెక్క. మీరు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగారు.

ఇక నేను దాచకుండా చెప్పవలసిన మాట. కొన్నేళ్ల క్రితం మన ట్రస్టు ఇంటర్వ్యూకి రాయగడ వైపు నుంచి ఒక అబ్బాయి రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చాడు. మార్కులు బాగున్నాయి. ఇంగ్లీషులో తడబడ్డాడు. "చొరవ లేదు" అని రాసి తక్కువ మార్కులు వేసినవాణ్ణి నేనే. రెండు మార్కుల తేడాతో అతనికి స్కాలర్‌షిప్ రాలేదు. నిద్ర లేని కళ్లను, అరువు తెచ్చుకున్న చార్జీ డబ్బులను నేను చూడలేదు. 1924 నాటి ఆ బోర్డు గురించి చదివినప్పుడు నాకు నేనే కనిపించాను.

అందుకే ఈసారి కమిటీకి మూడు కోరికలు రాసి ఇచ్చాను. విద్యార్థి తనకు వచ్చిన భాషలో జవాబు చెప్పవచ్చు. దూరం నుంచి వచ్చేవారికి ప్రయాణ ఖర్చు ట్రస్టే ఇవ్వాలి. మార్కులు తగ్గించిన సభ్యుడు కారణం కాగితం మీద రాయాలి. దీనిపై సభ్యులు, తల్లిదండ్రులు తమ అభిప్రాయం రాయగలరు. ఆ అబ్బాయి ఇది చదివితే మళ్లీ దరఖాస్తు చేయమని నా మనవి.