గ్యాస్ బండను నిండా ఎందుకు నింపరు?

వంటింటి గ్యాస్ బండలో ఉండేది చాలావరకు ద్రవమే. ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులను ఒత్తిడితో నొక్కితే అవి ద్రవంగా మారతాయి. స్టవ్ వెలిగించినప్పుడు ఆ ద్రవమే కొంచెం కొంచెంగా ఆవిరై గొట్టంలోకి వస్తుంది.

బండలో 33.3 లీటర్ల నీళ్లు పడతాయి. నింపే గ్యాస్ మాత్రం 14.2 కిలోలే. ఈ ద్రవం నీటికంటే బాగా తేలిక, లీటరు అరకిలోకు కాస్త ఎక్కువ తూగుతుంది. అంటే అది ఆక్రమించే చోటు సుమారు 26 లీటర్లు. మిగతాది వెలితి. ఇడ్లీపిండి పొంగుతుందని గిన్నెలో అమ్మ చోటు వదిలినట్టే ఇదీ. 10 డిగ్రీలు వేడెక్కితే ఈ ద్రవం దాదాపు 2 శాతం ఉబ్బుతుంది. నీళ్లయితే ఇందులో చిన్న వంతు మాత్రమే ఉబ్బుతాయి! వెలితి లేకపోతే ఆ ఉబ్బు ఉక్కు గోడలను నెడుతుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగిపోతుంది.

ఏ వేడికి ద్రవం ఎంత ఉబ్బుతుంది, దాని ఆవిరి ఎంత ఒత్తిడి చూపుతుంది అన్నవి ప్రయోగశాలల్లో ఎంతో ఓపికగా కొలిచి పట్టికలుగా రాసిపెట్టారు. బండ గోడ ఎంత మందం ఉండాలో, ఎంత గ్యాస్ నింపాలో రసాయన ఇంజినీర్లు ఆ అంకెలతోనే లెక్కకడతారు. గ్యాస్‌ను లీటర్లలో కాక కిలోల్లో తూచి నింపడానికీ కారణం అక్కడే ఉంది: వేడికి ద్రవం పరిమాణం మారుతుంది, బరువు మారదు.