పాము కాటు – కంటి రెప్ప చెప్పు హెచ్చరిక



పెనుమూడికి ఏటి అవతలనున్న దివిసీమలో 2018 ఆగస్టు నెలలో పాము కాట్లు విపరీతముగా పెరిగి, ఎందరో అవనిగడ్డ ఆసుపత్రికి చేరిరి. వానల కాలమున గట్ల వెంబడి తిరుగువారికి కృష్ణ ఇరుగట్లను ఈ భయము గలదు. కాటు తిన్నవాని కంటి రెప్పలను గమనింపుడు. రెప్పకును ఊపిరికిని గల సంబంధము తెలిసినచో మీరు ఆలస్యము చేయరు.

మెదడు కాండము: మెదడు అడుగున, వెన్నుపామునకు పైన, సుమారు 3 అంగుళముల పొడవైన భాగము గలదు. చెట్టు మ్రాను వలె పైమెదడును వెన్నుపాముతో కలుపుచుండుటచే దీనిని మెదడు కాండము అందురు. దీని అడుగు భాగమగు మజ్జాముఖము ఊపిరిని, గుండె వేగమును మన ప్రయత్నము లేకయే నడుపును. నిద్రలో సైతము ఊపిరి సాగుట దీనివలననే.

కపాల నాడులు: ఇవి 12 జతలు. వాసనకు, చూపునకు చెందిన మొదటి రెండు జతలు పైమెదడును చేరును. తక్కిన 10 జతలు కాండమునకు చెందినవిగా లెక్కింతురు. 3వ నాడి రెప్పను ఎత్తును. 3, 4, 6 నాడులు కంటిని త్రిప్పును. 5వది నమలుటకు, 7వది ముఖకండరములకు, 8వది వినికిడికి, 9, 10 మ్రింగుటకు, 11వది మెడ త్రిప్పుటకు, 12వది నాలుక కదలికకు తోడ్పడును.

విషము చేయు పని: నాగుపాము, కట్లపాము విషము నాడి కొన కండరమును కలియుచోట అడ్డుపడును. ప్రకాశం బ్యారేజి వద్ద నీరు వదలినను చేని తూము మూసుకొన్నచో మడి తడియదు గదా! అట్లే కాండము ఆజ్ఞ పంపినను కండరము కదలదు. సాధారణముగా ముందు రెప్పలు వాలును. పిమ్మట ఒకటి రెండుగా కనబడును, మాట ముద్దయగును, ఉమ్మి మ్రింగుడుపడదు. తుదకు ఊపిరి కండరములు నిలిచిపోవును. అప్పటికిని రోగికి తెలివి యుండవచ్చును. మన మాటలు వినుచుండవచ్చును. అందుచే ఆశ విడువరాదు. యంత్రముతో ఊపిరి నడిపించి అనేకులను బ్రతికింపవచ్చును.

కట్లపాము తరచుగా రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, రెప్పలు వాలుట కనబడినచో కాటును అనుమానింపవలెను. రక్తపింజరి విషము ముఖ్యముగా రక్తమును చెరచును. కావున రెప్ప వాలలేదని ధైర్యపడి ఇంట నుండరాదు.

చేయవలసినవి:

1. కాటు పడిన కాలిని లేక చేతిని బద్దకట్టి కదలకుండ ఉంచుడు. రోగిని నడిపింపకుడు.

2. కోయుట, పీల్చుట, త్రాటితో బిగించుట కూడదు.

3. చొల్లు కారుచున్నచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటికి ఏమియు ఈయరాదు.

4. వెంటనే 108కి ఫోను చేసి, విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి చేర్చుడు.

విరుగుడు మందు రక్తములో తిరుగు విషమును పట్టుకొనును. అప్పటికే దెబ్బతిన్న నాడి కొనలను వెంటనే బాగుచేయజాలదు. మంత్రములకు, పసరులకు గడపిన ప్రతి గంటయు ఊపిరికి చేటు. రాత్రి మంచముపై దోమతెర కట్టుకొని పరుండుడు. చీకటిలో నీరు పెట్టబోవునపుడు లైటు, బూట్లు మరువకుడు.