ఆ వచనానికి ముందు వచనం చదివారా?

డిసెంబర్ 31 రాత్రి మన ఊళ్లలో ఏ చర్చికి వెళ్లినా ఒక సీన్ పక్కా. పన్నెండు కొట్టగానే బుట్టలో వాగ్దానం కార్డులు వస్తాయి. కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. దాని మీద ఏ వచనం ఉంటే అదే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట. తెల్లారేసరికి అది వాట్సాప్ స్టేటస్ అయిపోతుంది.

ఈ కార్డుల్లో ఒక సూపర్‌స్టార్ ఉంది. యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. మీ విషయంలో నావి మేలు చేసే ఆలోచనలే, మీ ముందు మంచి రోజులున్నాయి అని దేవుడు చెప్పే మాట. మా కేసముద్రంలో ఒక మిర్చి రైతు ఇంట్లో దీన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకున్నారు. పక్కనే ఎరువుల షాపు క్యాలెండర్. దాని మీద అప్పుల లెక్కలు.

ఇప్పుడు ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటే ఒక్క వచనం పైకి స్క్రోల్ చేయండి. పదో వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంటుంది. ఏడు నెలలు కాదు, డెబ్బై ఏళ్లు!

అసలు అది ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా రాసింది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉంటాడు. రెండేళ్లలో అన్నీ సెట్ అయిపోతాయి, అందరూ ఇంటికొచ్చేస్తారు అని చెప్పింది ఆయన. జనానికి నచ్చే మాట అదే కదా. యిర్మీయా మాత్రం తొందరపడకండి, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరు బాగుండాలని ప్రార్థన చేయండి అని రాశాడు. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంతూరు చూడరు. వచ్చే సీజన్‌కి అప్పు తీరిపోతుందని గ్యారంటీ ఇచ్చే వచనం కాదది. ఎక్కువకాలం కష్టంలో ఉండబోయేవాళ్లకు, ఎలా బతకాలో చెప్పిన మాట.

నేను చర్చికి వెళ్తానా వెళ్లనా అన్నది పక్కన పెట్టండి. నాకు ఆసక్తి కలిగించింది వేరే ప్రశ్న. ఈ తేడా ఆ రైతుకు చెప్పాల్సింది ఆయన పాస్టర్. మరి పాస్టర్‌కి ఎవరు చెప్పారు?

మా వైపు చిన్న సంఘాలు నడిపే పాస్టర్లలో చాలామంది వారమంతా ఏదో ఒక పని చేసుకుంటారు. ఒకరు ఆటో నడుపుతారు, ఇంకొకరు సీజన్‌లో మార్కెట్ యార్డుకు వెళ్తారు. శనివారం రాత్రి అలసిపోయి ఇంటికొచ్చి, రేపటి వాక్యం కోసం యూట్యూబ్ తెరుస్తారు. అక్కడ బాగా అరిచి చెప్పిన ప్రసంగం ఏదో ఉంటుంది. ఆదివారం పొద్దున అదే ప్రసంగం, అదే గొంతుతో, మన తండాలో. వాళ్లను తప్పుబట్టాలని నాకు లేదు. నేర్పేవాళ్లు లేనప్పుడు ఎవరైనా అంతే. కానీ పల్లెలో ఆ మాటకు బరువెక్కువ. షుగర్ గోళీలు ఆపాలా వద్దా, కొడుకు పెళ్లికి ఇంకో రెండు లక్షలు తేవాలా వద్దా అన్నది కూడా ఆ అరగంట ప్రసంగం విని తేల్చుకునేవాళ్లున్నారు.

తమాషా ఏంటంటే, ఈ సమస్య మీద వందేళ్ల క్రితమే గట్టిగా పని చేసిన ఊరు మా పక్కనే ఉంది. కేసముద్రంలో విజయవాడ వైపు ప్యాసింజర్ ఎక్కితే మహబూబాబాద్, గార్ల దాటాక వచ్చే జంక్షన్. డోర్నకల్. మనలో చాలామందికి అది కొత్తగూడెం లైన్ విడిపోయే స్టేషన్‌గానే తెలుసు.

1909లో తిరునెల్వేలి ప్రాంతం నుంచి ఒక తమిళాయన అక్కడికి వచ్చాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. వచ్చాక తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో, మీరు మాకోసం చాలా ఇచ్చారు గానీ మాకు కావాల్సింది స్నేహితులు అనే అర్థంలో తెల్లవాళ్ల మొహం మీదే మాట్లాడి వచ్చినవాడు.

ఆయన దగ్గరికి వచ్చిన జనంలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల నుంచి. చదువు రానివాళ్లే ఎక్కువ. అలాంటి చోట ఇంగ్లిష్ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చి చదివితే ఏం లాభం? అందుకే పల్లె నుంచే మనుషుల్ని తీసుకుని, తెలుగులోనే శిక్షణ ఇచ్చి, మళ్లీ పల్లెకే పంపే పద్ధతి పెట్టారు. పెళ్లయినవాళ్లు భార్యలతో కలిసి వచ్చి చదువుకునేవారు. ఇది నాకు భలే నచ్చింది. ఎందుకంటే పల్లెలో ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాక్యం చెప్పేది అమ్మగారే కదా. పాఠం పాటలో చెప్పడం, కథగా చెప్పడం, విన్నవాళ్ల చేత తిరిగి చెప్పించడం, ఇవన్నీ అక్కడి పద్ధతులే. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల మీద ఆయన పదేపదే మాట్లాడేవాడు. అప్పు తీరుస్తాడు అని చెప్పడం వేరు, అప్పు చేయకు అని చెప్పడం వేరు!

డోర్నకల్ వెళ్తే ఎపిఫనీ కేథడ్రల్ చూడండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుచేస్తాయి. ఇక్కడి మనుషులకు ఇక్కడి భాషలో చెప్పాలన్న ఆయన పట్టుదల రాయిలో కనిపిస్తుంది. అజరయ్య 1945 జనవరి 1న అక్కడే చనిపోయారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడటం చూడలేదు, దానికోసం ఎంత తిరిగినా.

ఇవాళ పద్ధతిగా చదవాలంటే హైదరాబాద్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కి మారింది. డిగ్రీ సెరాంపూర్‌ది. మంచి చదువే. కానీ ఆటో నడిపే మనిషి ఇల్లు వదిలి ఏళ్లకేళ్లు హాస్టల్లో ఉండలేడు. ఈ ఇబ్బంది మనదొక్కటే కాదు. 1963లో గ్వాటెమాలాలో దీనికోసమే విద్యార్థి దగ్గరికే చదువు తీసుకెళ్లే పద్ధతి మొదలుపెట్టారు. పాస్టర్ తన ఊళ్లోనే ఉండి పుస్తకం చదువుతాడు, అప్పుడప్పుడు గురువుతో కలిసి కూర్చుంటాడు. అది మన దేశానికీ వచ్చింది.

ఆఫ్రికాలో ఇదే కథ ఇంకా పెద్ద సైజులో నడుస్తోంది. చర్చిలు పెరిగిన స్పీడులో చదువుకున్న పాస్టర్లు పెరగలేదు. అక్కడివాళ్లు ఒక పని చేశారు. 70 మంది ఆఫ్రికా పండితులు కూర్చుని, మొత్తం బైబిల్‌కి తమ నేల మీద నిలబడి వివరణ రాసి 2006లో ఒకే పుస్తకంగా తెచ్చారు. ఎయిడ్స్, మంత్రతంత్రాలు, తెగల గొడవలు, అన్నీ అందులో ఉన్నాయి. దక్షిణాసియాకి అలాంటిది 2015లో వచ్చింది. ఆఫ్రికాలో పాస్టర్లు చిన్న చిన్న గుంపులుగా కలుసుకుని, ఒకరి ప్రసంగం ఒకరు విని మొహమాటం లేకుండా తప్పులు చెప్పుకుంటారు. మన దగ్గర స్టేజీ మీద అన్నని తప్పు పట్టడం అంత ఈజీ కాదు లెండి.

మా వైపు ఒక యువ పాస్టర్ ఆ ధైర్యం చేస్తున్నాడు. ప్రసంగం అయ్యాక అడగండి అంటాడు. ఒకసారి విత్తువాని ఉపమానం చెప్పాడు. దారి మీద కొన్ని గింజలు, రాతినేల మీద కొన్ని, ముళ్లలో కొన్ని. అయిపోగానే వెనక నుంచి ఒక పత్తి రైతు లేచాడు.

"దారి మీద ఇత్తనం సల్లెటోడు ఎవడు అయ్యగారూ? ప్యాకెట్ ధర ఎర్కనా ఆయనకు?"

అందరూ నవ్వారు. కానీ అది అడగాల్సిన ప్రశ్నే. మా రైతు పత్తి గింజ గింజ లెక్కపెట్టి పెడతాడు. ఆ కథలో రైతు చేత్తో వెదజల్లుకుంటూ పోతాడు. పైగా ఎక్కడ పడుతుందో చూసుకోకుండా, దేనికీ లోటు లేనట్టు చల్లుతాడు. పాస్టర్ అది అక్కడికక్కడే వివరించాడు. ఆ పది నిమిషాలు, ముందు చెప్పిన అరగంట కంటే బాగున్నాయి.

రైతు మాత్రం కూర్చోలేదు. చివర్లో నూరంతలు పండింది అన్నారు కదా, ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు లెక్క అని అడిగాడు. పాస్టర్ వచ్చే వారం చెప్తా అన్నాడు. ప్రస్తుతం ఆయన రెండువేల ఏళ్ల క్రితం గలిలయలో గోధుమ దిగుబడి ఎంతో వెతుకుతున్నాడు.