సౌండ్ కార్డు కొనే ముందు

బోలెడు డబ్బు పోసి బిగించుకున్న కొత్త గేమింగ్ కంప్యూటర్లో బొమ్మ అద్దంలా కనిపిస్తుంది, సౌండ్ మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మదర్‌బోర్డు సౌండ్ ఇంతే, వేరే కార్డు వేయించుకో అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఒకప్పుడు ఆ మాట నిజమే. 1989లో సింగపూర్ సంస్థ క్రియేటివ్ ‘సౌండ్ బ్లాస్టర్’ తెచ్చేనాటికి మామూలు పీసీ సొంతంగా చేయగలిగింది దాదాపు బీప్ ఒక్కటే. తర్వాత చాలా ఏళ్లు గేముల్లోని శబ్దాలను కలిపే పనిలో కార్డుదే పెద్ద పాత్ర. 2007లో విండోస్ విస్టా వచ్చాక ఆ పని చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతికి, అంటే ప్రాసెసర్ చేతికి వెళ్లింది. సౌండ్ చిప్‌కు ముఖ్యంగా మిగిలింది అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చడం. ఈనాటి మామూలు చిప్‌లు కూడా దాన్ని చక్కగానే చేస్తాయి. కాబట్టి ముందు అనుమానించాల్సింది చిప్‌ను కాదు, సౌండ్ నడిచి వచ్చే దారిని.

ఆ దారిలో ఎక్కువమంది పొరబడే చోటు బ్లూటూత్ హెడ్‌సెట్. పాట వింటుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. గేమ్ తెరిచి స్నేహితులతో మాట్లాడటం మొదలుపెట్టగానే పాత టెలిఫోన్ అయిపోతుంది. మామూలు బ్లూటూత్‌లో మంచి స్టీరియో ఒకవైపే ప్రయాణిస్తుంది. మైక్ కూడా కావాలంటే అది ఫోన్ కాల్ పద్ధతికి మారుతుంది. అప్పుడు రెండు చెవులకూ ఒకటే శబ్దం, సెకనుకు 8,000 శాంపిళ్లు, మెరుగైన రకమైతే 16,000. సీడీలో ఇవి 44,100. శాంపిళ్ల సంఖ్యలో సగాన్ని మించిన ఫ్రీక్వెన్సీ నిలవదు. అందుకే గాజు పగిలిన పదునూ, శత్రువు అడుగులు ఎటునుంచి వస్తున్నాయన్న ఆనవాలూ రెండూ పోతాయి. ఎంత ఖరీదైన సౌండ్ కార్డు వేసినా ఇక్కడ ఫలితం సున్నా, ఎందుకంటే ఈ శబ్దం దాని గుండా పోనేపోదు. విడిగా ఒక మైక్ పెట్టి, గేమ్‌లోనూ విండోస్‌లోనూ ఇన్‌పుట్‌గా దాన్నే ఎంచుకుంటే హెడ్‌సెట్ మళ్లీ స్టీరియోకి వస్తుంది.

మిగతావి చిన్నవే. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే సౌండ్ మానిటర్‌లోని చిన్న స్పీకర్లకు మళ్లిపోవచ్చు. కాల్ వస్తే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఏర్పాటు విండోస్‌లో ఉంది. గేమ్ ఒక సరౌండ్, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ ఇంకో సరౌండ్ వేస్తే అంతా నూతిలో మాట్లాడినట్టుంటుంది, ఒకటి ఆపేయాలి. మాటలు మాయమై వెనక సంగీతం మాత్రమే వినిపిస్తుంటే పిన్ జాక్‌లోకి పూర్తిగా దిగలేదేమో చూడాలి.

బుస్సుమనే శబ్దం, గేమ్ ఆడుతుంటే పెరిగే కీచు సెట్టింగుల వల్ల వస్తాయా అని అడగవచ్చు. నిజమే, అవి ఎక్కువగా విద్యుత్ సంబంధమైనవి. కానీ అక్కడా చిప్ కన్నా దారే ముందు. కేబినెట్ ముందున్న జాక్‌కు వెళ్లే సన్నని వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి సాగుతూ దాని రొదను మోసుకురావచ్చు. వెనక జాక్‌లో పెడితే తగ్గిందంటే దొంగ దొరికినట్టే. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ముందు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను, గోడ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూడటానికి. విడి కార్డుతోనో యూఎస్‌బీ పరికరంతోనో సౌండ్ బాగుపడినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. యూఎస్‌బీ పరికరం అంకెలను తరంగాలుగా మార్చే పనిని రొద నిండిన పెట్టెలోంచి బయటికి తెస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు చాలినంత బలం చాలా బోర్డులు ఇవ్వలేవు, దానికి యాంప్లిఫయర్ కొనడం సమంజసం. అయితే ఆ కొనుగోలు పరీక్ష తర్వాత జరగాలి. వెనక జాక్‌లోనూ, ఫోన్‌లో బాగా పలికిన అదే హెడ్‌ఫోన్‌తోనూ, డ్రైవర్ కొత్తగా వేశాక కూడా గరగర పోలేదంటే అప్పుడు బోర్డును అనుమానించాలి. కొత్త మెషిన్‌కు వారంటీ ఉంటుంది. ఈ పరీక్షలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి బోర్డు మార్చమని అడగడం, సొంత డబ్బుతో కార్డు కొని ఆ లోపాన్ని కప్పిపెట్టడం కన్నా న్యాయం.