ఒకరికొకరు ఉత్తరవాదులు

అరకులోయలో థింసా నృత్యము చూచినవారికి ఒక విషయము స్ఫురింపకపోదు. స్త్రీలు ఒకరి వెనుకనుండి మరియొకరు చేతులు పెనవేసికొని వరుసగా నిలుతురు. వాద్యము వేగమందినకొలది వరుస మెలికలు తిరుగును. ఒకరి అడుగు తప్పినచో ఆ తడబాటు ప్రక్కవారికి వెంటనే తెలియును. పడకుండ పట్టుకొనునదియు ఆ ప్రక్కవారి చేయియే. క్రైస్తవ సంఘములలో ‘పరస్పర బాధ్యత’ యను మాటకు అర్థమేమని అడిగినవారికి మేము మొదట ఈ వరుసనే చూపుదుము.

ఈ తూర్పు కనుమలలో క్రైస్తవ సంఘముల చరిత్ర నూటనలుబది ఏండ్లకు మించినది. జర్మనీలోని బ్రెక్లుం మిషనువారు 1882లో అరకునకు పొరుగుననున్న కోరాపుటు ప్రాంతమునకు వచ్చిరి. పిమ్మట సాలూరు, పార్వతీపురములందును పనిచేసిరి. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. జర్మను మిషనరీలు దేశమును వీడవలసివచ్చెను. 1928లో జయపురము ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడెను. దొర చూచుచున్నాడను జంకుతో మాత్రమే నడిచిన సంఘము, దొర వెడలిపోయిన నాడు ఏమగును? సభ్యులు ఒకరికొకరు ఉత్తరవాదులైనగాని అట్టి సంఘము నిలువదు.

ఈ ఉత్తరవాదమునకు మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయము ఒక క్రమమును చెప్పుచున్నది. సోదరుడు తప్పుచేసినచో ముందు ఏకాంతమున అతనితో మాటలాడవలెను. వినకున్న ఒకరిద్దరిని తోడుకొనిపోవలెను. అప్పటికిని వినకున్ననే సంఘమునకు తెలుపవలెను. లోకములో సాధారణముగ జరుగునది దీనికి తలక్రిందులు: మొదట ఊరంతకు తెలియును, చిట్టచివరకు తప్పుచేసినవాని చెవిని పడును.

అడుగుటకు ముందు పరామర్శ యుండవలెను. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టలు పట్టణమున మెథడిస్టులు తమ మందిరపు అప్పు తీర్చుటకై సభ్యులను పండ్రెండుగురు చొప్పున జట్లుచేసి, వారమున కొక పెన్నీ వసూలుచేయ నాయకులను ఏర్పరచిరి. ఇంటింటికి తిరిగిన నాయకులకు డబ్బుతోపాటు ఆ కుటుంబముల కలహములు, కష్టములు తెలియవచ్చెను. జాన్ వెస్లీ ఆ ఏర్పాటునే ఆత్మీయ పరామర్శకు వినియోగించెను.

అయితే లెక్క అడుగువాడును లెక్క చెప్పవలెను. అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజించుచుండిన పేతురు, కొందరు వచ్చినంతనే జంకి వెనుదీయగా, పౌలు అందరియెదుట నిలదీసినట్లు గలతీ పత్రిక చెప్పుచున్నది. భగత, కొటియ, కొండదొర, పోర్జ మున్నగు పలు తెగలవారు ఇరుగుపొరుగున బ్రదుకు ఈ కొండలలో, సహపంక్తి ప్రశ్న గ్రంథమునకే పరిమితమైనది కాదు. యెరూషలేము పేదలకై పోగైన చందాను సైతము పౌలు ఒంటరిగా కొనిపోలేదు. ఎవరును నిందింపకుండునట్లు, సంఘములు ఎన్నుకొనినవానిని తోడుగా నుంచుకొనెను.

ఇక అపాయమును చెప్పవలెను. దిద్దుబాటు వెలివేతగా మారవచ్చును. పట్టణమున ఒక మందిరమును విడిచినవాడు మరియొక మందిరమునకు పోగలడు. ఇరువది గడపల కొండయూరిలో పొలమున సాయము, గెడ్డవద్ద పలకరింపు, రోగమున తోడు, అన్నియు ఆ కొలదిమందియే. వారు మొగము త్రిప్పుకొనినచో అతనికి వేరు దిక్కులేదు. కనుకనే పౌలు కొరింథీయులకు, శిక్షపొందినవాడు దుఃఖమున మునిగిపోకుండ అతనిని క్షమించి ఓదార్పవలెనని వ్రాసెను.

కావున ఏ సంఘమునైనను పరీక్షించుటకు మేము రెండు ప్రశ్నలు సూచింతుము. అతిపేద సభ్యుడు సంఘపెద్దను లెక్క అడుగగలడా? తప్పిపోయినవాడు తిరిగివచ్చుటకు త్రోవ యున్నదా? ఈ రెంటికిని అవునని చెప్పగలిగిన చోట ప్రక్కవాని చేయి సంకెలగాక ఆసరా యగును.