పింగాణీ మీద మార్కరు రాత

మారేడ్‌పల్లిలో కుటుంబములను దర్శించునప్పుడు ఈ మధ్య ఒక క్రొత్త సరదా మా కంటబడుచున్నది. తెల్లని పింగాణీ కప్పు కొని, దాని మీద పర్మనెంట్ మార్కరుతో పేరో, పువ్వో, పిల్లలు గీసిన బొమ్మయో వేసి, ఓవెన్‌లో కాల్చి కానుకగా ఇచ్చుచున్నారు. ఖర్చు తక్కువ, చూచుటకు ముచ్చట. సెలవులలో పిల్లలు ఫోను విడిచి ఒక పూట కూర్చుందురు. అదియు చిన్న మేలు కాదు. అయితే మరునాడు ఆ కప్పులోనే బిడ్డకు పాలు పోయుదుము గనుక కొన్ని సంగతులు చెప్పవలసియున్నది.

స్టీలు గిన్నెల మీద పేర్లు వేయించుట మన ఇండ్లలో అందరికి తెలిసినదే. అమ్మమ్మ పెండ్లినాటి బిందె మీద పేరు నేటికిని చదువవచ్చును. ఏలయనగా అక్కడ లోహమునే చెక్కిరి. పింగాణీ అట్టిది కాదు. దాని పైనుండు మెరుపు ఒక గాజు పొర. అందులోనికి సిరా ఇంకదు. మార్కరులోని స్పిరిటు వంటి ద్రవము ఆరిపోగా, రంగును పట్టియుంచు జిగురు మాత్రము పైన అంటుకొని నిలుచును. ఇంటి ఓవెన్ వేడి ఆ జిగురును కొంత గట్టిపరచును గాని గాజును కరిగించదు. ఫ్యాక్టరీలలోనైతే ఖనిజపు రంగులను గాజుపొడితో కలిపి వేసి, సుమారు 750 నుండి 850 డిగ్రీల వేడిలో కాల్చుదురు. అప్పుడు రంగు ఆ పొరతో ఏకమగును. ఈ విద్య నేర్పుటకు గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ విద్యాలయమే కలదు. ఇంటిలో 180 డిగ్రీలతో అంత పని జరుగునని ఎట్లు అనుకొందుము?

చేయగోరువారు ముందు కప్పును సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, జిడ్డు లేకుండ చేయవలెను. గీత తప్పినయెడల అదే స్పిరిటు దూదితో తుడిచివేయవచ్చును. ఒక దినము ఆరనిచ్చి, చల్లని ఓవెన్‌లోనే పెట్టి, పిమ్మట వేడి మొదలుపెట్టవలెను. 180 డిగ్రీల దగ్గర అరగంట చాలును. ఆపిన తరువాత లోపలనే చల్లారనియ్యవలెను. వేడి కప్పును తీసి చల్లని గట్టు మీద పెట్టినయెడల పగులును. కిటికీలు తెరచియుంచుడి. క్రిస్మస్ కేకుతోపాటు కలిపి కాల్చకుడి, ఆ వాసన మంచిది కాదు. మామూలు మార్కరు ఎరుపు, ఊదా రంగులు ఒక్కొక్కసారి కాలి గోధుమ రంగుకు తిరుగును. పింగాణీ కొరకే చేసిన పెన్నులు మేలు. వాటికి ఎంత వేడి, ఎంతసేపు అన్నది వాటి అట్ట మీదనే ఉండును.

ముఖ్యమైన మాట ఇది. అన్నము, కూర తగులు చోట మార్కరు గీత ఉండకూడదు. కప్పునకు వెలుపలి వైపు మాత్రమే వేయుడి, పెదవి తగులు అంచు క్రింద రెండు వ్రేళ్ల వెడల్పు విడిచిపెట్టుడి. 'విషరహితము' అని అట్ట మీద ఉన్నది గదా అని కొందరు తల్లులు మమ్మును అడుగుచున్నారు. అది కాగితము మీద వ్రాసికొనుటకు చెప్పిన మాట, పులుసు పోసికొని తినుటకు చెప్పినది కాదు. పళ్లెము నడుమ బొమ్మ వేసినయెడల దానిని గోడకు తగిలించుకొనుడి.

స్త్రీల సమాజములో ఇట్టి కప్పులు చేసి అమ్ముదుమని కొందరు సహోదరీలు ఆలోచించుచున్నారు. సంతోషమే. అయితే పీచుతో తోమిన రంగు పోవునని, మెత్తని గుడ్డతో చేతితోనే కడుగవలెనని కొనువారికి ముందే చెప్పవలెను. చెప్పినయెడల కొందరు కొనకపోవచ్చును. ఆ నష్టము భరింపదగినదే అని మా అభిప్రాయము.

పల్లెలలో ఓవెన్ లేనివారు ఇసుక పోసిన కుక్కరులో ప్రయత్నింపకుడి. వేడి ఎంతో తెలియదు, ఒక ప్రక్కనే కాగి కప్పు చిట్లును. వారికి మాకు తోచిన మంచి ఉపయోగము ఊరగాయ జాడీ. వెలుపల నూనె తుడిచి, 'ఆవకాయ' అనియు, పెట్టిన సంవత్సరమును వ్రాసిన చాలును. కాల్చనక్కరలేదు. జాడీ ఖాళీయైనప్పుడు స్పిరిటుతో తుడిచి, ఆ చోటనే 'మాగాయ' అని వ్రాసికొనవచ్చును.